అన్ని డబ్బాల్లోనూ అదే

పొద్దు పొడవకముందే ఆమె లేచి ఉంటుంది. రోజూ పట్టుకెళ్లే చెంబుతో పాటు ఆ పొద్దు చేతిలో ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా కూడా ఉంది. తిరిగి వచ్చేటప్పుడు దాని మూత గట్టిగా తిప్పి, కొంగు చాటున పెట్టుకుని, వాకిట్లోంచి కాకుండా దొడ్డిదారిన వచ్చి ఉంటుంది. అడిగినవాళ్ల చేతికి ఇచ్చేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుని ఉంటుంది. రక్తం ఇమ్మంటే చెయ్యి చాపుతాం. మూత్రం ఇమ్మంటే కొంచెం జంకుతాం. మలం ఇమ్మంటే మన ఊళ్లలో ఆడా మగా ఎవరికీ నోట మాట రాదు.

పరిశోధన పత్రాల్లో పేర్లు ఉండవు, వరస నంబర్లే ఉంటాయి. అందుకే ఆ పొద్దు ఎట్లా గడిచి ఉంటుందో నేను ఊహించి రాస్తున్నాను. డబ్బాలు మాత్రం నిజం. పటాన్‌చెరు చుట్టూ ఉన్న ఆ పల్లెలు నిజం. చివరికి తేలిన లెక్క నిజం. ఆ లెక్క చదివిన రోజు నేను వనపర్తిలో మా ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాను. పటాన్‌చెరు అక్కడెక్కడో ఉంది, కృష్ణ ఒడ్డున ఉన్న మాకేంటిలే అనుకుంటూనే మొదలుపెట్టాను. చివరి పేరా దగ్గరికి వచ్చేసరికి ఆ డబ్బాల్లో ఒకటి మా ఇంటిదే అనిపించింది.

ముందు ఆ డబ్బాలో ఏముందో చెప్పాలి. మన పేగుల్లో, ముఖ్యంగా పెద్దపేగులో, దగ్గర దగ్గర 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా కాపురం ఉంటాయి. మన ఒంట్లోని కణాల లెక్కకు ఇది దాదాపు సమానం. అన్నిటినీ కలిపి తూచినా పావుకిలోకు మించదు. మనకు అరగని పీచును అవి అరిగిస్తాయి. కొన్ని విటమిన్లు తయారు చేస్తాయి. ఏది మనది, ఏది పరాయిది అని ఒంటి రక్షణ వ్యవస్థకు చిన్నప్పటి నుంచి నేర్పుతాయి. 2015లో మన దేశపు గిరిజన తెగల పేగు బ్యాక్టీరియా మీద ఒక అధ్యయనం వచ్చింది. అస్సాం, మణిపూర్, సిక్కింతో పాటు తెలంగాణ గిరిజనులవి కూడా చూశారు. అన్ని తెగల్లోనూ ప్రెవొటెల్లా అనే జాతిదే పైచేయి. పీచు ఎక్కువగా ఉండే తిండి తినేవాళ్ల కడుపులో పెరిగే జాతి అది. జొన్నరొట్టె, అంబలి, ఆకుకూర తిని పెరిగిన కడుపులకు ఒక గుణం ఉంటుంది. అది తాతల నాటి నుంచి వస్తున్న ఆస్తి. పొలం, గొడ్డూ గోదా లాగే అది కూడా తల్లి నుంచి బిడ్డకు వస్తుంది, కాన్పు నాడే.

ఆ ఆస్తి మీద బయటి విషం ఏం చేస్తోంది? పటాన్‌చెరు పల్లెల్లో డబ్బాలు పంచినవాళ్లు వెతికింది ఇదే.

వాళ్లు అక్కడికే ఎందుకు వచ్చారో తెలియాలంటే కొంత వెనక్కి పోవాలి. పటాన్‌చెరు, బొల్లారం వైపు 1970ల నుంచే పరిశ్రమలు దిగాయి. మందుల తయారీకి కావలసిన మూల రసాయనాలు చేసే ఫ్యాక్టరీలు ఒకటి తర్వాత ఒకటి వచ్చాయి. వాటి నీళ్లు ఇసకవాగులోకి, అక్కడి నుంచి నక్కవాగులోకి, ఆపై మంజీరలోకి. వరి ఎర్రబడింది, చేపలు చచ్చాయి, గొడ్లు ఈసుకుపోయాయి. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ అల్లాని కిషన్‌రావు ఊళ్లను కూడగట్టి ఏళ్ల తరబడి కొట్లాడారు. 1990లో విషయం సుప్రీంకోర్టుకు ఎక్కింది. తర్వాత హైకోర్టుకు, ఆ తర్వాత హరిత ట్రిబ్యునల్‌కు మారుతూ పోయింది. వేసిన పిటిషన్ ముసలిదైపోయింది, వాగు అట్లాగే పారింది. మా వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల నుంచి మేస్త్రీ పనికి, ఫ్యాక్టరీ పనికి అటువైపు పోయిన ఇల్లు లేని వాడ ఉండదు. పండక్కి వచ్చినప్పుడు వాళ్లు చెప్పే మొదటి మాట ఆ వాసన గురించే.

2006 నవంబరు. స్వీడన్ దేశంలోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం నుంచి యోకిం లార్సన్ బృందం ఇక్కడి నీళ్లు పట్టింది. చుట్టుపక్కల దాదాపు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాలను ఒకచోటికి చేర్చి శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం ఒకటి ఉంది, పటాన్‌చెరు ఎన్విరోటెక్ లిమిటెడ్. ఆ కేంద్రం శుద్ధి చేసి బయటికి వదిలిన నీళ్లను వరసగా రెండు రోజులు సీసాల్లో పట్టారు. మురుగు కాదు, శుద్ధి అయిన నీళ్లు. ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఆ సీసాల్లో సిప్రోఫ్లోక్సాసిన్ దొరికింది. టైఫాయిడ్ అన్నా, మూత్రంలో మంట అన్నా, విరేచనాలన్నా మన ఊరి ఆర్‌ఎంపీ నుంచి పట్నం డాక్టరు దాకా రాసిచ్చే యాంటీబయాటిక్ అది. లీటరు నీళ్లలో 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఇది ఎక్కువ. అక్కడ రోజూ వదులుతున్న నీళ్ల లెక్కన చూస్తే రోజుకు 45 కిలోల మందు వాగు పాలవుతోంది. అప్పటికి 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడే సిప్రోఫ్లోక్సాసిన్ అంత. మనకు అర్థమయ్యే లెక్కలో చెప్పాలంటే, 500 మిల్లీగ్రాముల మాత్రలు 90 వేలు. ప్రతి రోజూ వలిచి వాగులో పోసినట్టు.

2007లో ఈ లెక్క అచ్చయింది. అప్పటిదాకా మందుల ఫ్యాక్టరీ కాలుష్యం అంటే చేపలు చావడం, పంట ఎండిపోవడం, కంపు కొట్టడం. ఆ తర్వాత కంటికి కనపడని ఇంకో ప్రశ్న లేచింది. ఇంత మందు ఉన్న నీళ్లలో బతికే బ్యాక్టీరియా ఎట్లా బతుకుతోంది?

బ్యాక్టీరియా తన జన్యుదారాన్ని విప్పుకుంటూ చుట్టుకుంటూ పెరగాలి. ఆ పని చేసే ఎంజైమును సిప్రోఫ్లోక్సాసిన్ వెళ్లి పట్టేస్తుంది. అది కదలదు, బ్యాక్టీరియా చస్తుంది. అయితే కొన్ని బ్యాక్టీరియాల దగ్గర ఒక గొడుగు ఉంటుంది. ఎంజైము మీద ఆ గొడుగు పట్టి మందును అంటనీయవు. శాస్త్రవేత్తలు 1998లో మొదటిసారి గుర్తించిన ఆ గొడుగు పేరు క్యూఎన్ఆర్ జన్యువు. దీన్ని ఒక బ్యాక్టీరియా ఇంకో దానికి ఇచ్చేయగలదు. జాతి వేరైనా సరే. పాలల్లో తోడు వేయడానికి పక్కింటి పెరుగు అరువు తెచ్చుకున్నట్టు. చెంచాడు తెచ్చుకుంటే తెల్లారేసరికి కుండెడు అవుతుంది, తెచ్చినామె మళ్లీ ఇంకో ఇంటికి ఇస్తుంది.

ఆ తర్వాత ఏళ్లలో ఒక్కో నిజం బయటపడుతూ వచ్చింది. ఊళ్ల బావి నీళ్లలో మందు దొరికింది. వాగు అడుగు బురదలో ఈ జన్యువులు కుప్పలుగా దొరికాయి. కాజీపల్లి చెరువు నీళ్లను జన్యువుల లెక్కన జల్లెడ పడితే 81 రకాల నిరోధక జన్యువులు తేలాయి. పోల్చడానికి తీసుకున్న స్వీడన్ చెరువు కన్నా అవి 7,000 రెట్లు ఎక్కువ. చెరువు మన కళ్లకు చెరువే. గేదె దిగుతుంది, పిల్లలు ఈత కొడతారు.

ఇంక మిగిలింది మనుషుల కడుపే. దానికోసమే డబ్బాలు పంచారు.

అధ్యయనం కట్టుదిట్టంగా చేశారు. కలుషిత వాగులకు దగ్గరగా ఉన్న పల్లెల వాళ్లవి కొన్ని డబ్బాలు. ఫ్యాక్టరీలకు దూరంగా, ఆ నీళ్లతో సంబంధం లేని పల్లెల వాళ్లవి కొన్ని. స్వీడన్ వాళ్లవి కొన్ని. ఊళ్ల బావి నీళ్లూ, పొలం మట్టీ కూడా తీసుకున్నారు. మంచి పరిశోధన మనకు నచ్చే జవాబు కోసం వెతకదు. ఆ సమయంలో ఎవరైనా అనుకునేది ఒకటే. వాగు ఒడ్డు పల్లెల కడుపుల్లో ఆ జన్యువు ఎక్కువ ఉంటుంది, దూరపు పల్లెల్లో తక్కువ ఉంటుంది, నేరం రుజువవుతుంది.

2014లో ఫలితం అచ్చయింది. వాగులకు మూడు కిలోమీటర్ల లోపు ఉన్న పల్లెలన్నిట్లో బావి నీళ్లలోనూ మట్టిలోనూ సిప్రోఫ్లోక్సాసిన్ కోవ మందులు దొరికాయి. బావి నీళ్ల నమూనాల్లో 42 శాతంలో క్యూఎన్ఆర్ జన్యువు ఉంది. మట్టిలో 7 శాతం. స్వీడన్ వాళ్ల మలంలో 18 శాతం.

మన వాళ్ల మలంలో 100 శాతం.

అన్ని డబ్బాల్లోనూ. వాగు ఒడ్డున ఉన్నవాళ్లవి, వాగు మొహం చూడని పల్లెల వాళ్లవి, తేడా లేదు. కలుషిత పల్లెల వాళ్ల కడుపుల్లో ఆ జన్యువు ప్రత్యేకంగా పెరిగిందనడానికి ఆధారం దొరకలేదని పరిశోధకులు నిజాయితీగా రాశారు. దాంతో పాటే ఇంకో మాట కూడా అన్నారు. పరీక్షించిన ప్రతి భారతీయుడిలోనూ ఉందంటే, ఆ జన్యువు వాగు దాటి ఎప్పుడో మనిషి నుంచి మనిషికి పాకడం మొదలుపెట్టింది.

నేను అరుగు మీద ఆగిపోయింది ఇక్కడే. ఫ్యాక్టరీలను వెనకేసుకొచ్చేవాళ్లకు ఈ ఫలితం మంచి ఆయుధం. చూశారా, మా నీళ్ల వల్ల ఏమీ కాలేదు అనవచ్చు. నాకు అది అట్లా వినపడలేదు. కొట్టం అంటుకుంది, గాలికి వాడంతా అంటుకుంది. తర్వాత ఎవరో వచ్చి మొదట అంటుకున్న కొట్టం పక్కింటికీ చివరి ఇంటికీ బూడిదలో తేడా లేదు కదా అంటే, మొదటి కొట్టానికి నిప్పు ఎవరు పెట్టారని అడగడం మానేస్తామా? నిజం చెప్పుకోవాలంటే నిప్పు ఒక్కచోటి నుంచే రాలేదు. జ్వరం వస్తే రెండు రోజులు చూడకుండా యాంటీబయాటిక్ మింగే అలవాటు మనది. పూర్తి కోర్సు వాడకుండా నాలుగు మాత్రలతో ఆపేసేదీ మనమే. కోళ్లఫారాల్లో దాణాలో కలిపేదీ సిప్రోఫ్లోక్సాసిన్ కుటుంబపు మందులే. మరుగుదొడ్డి నీళ్లూ తాగునీళ్లూ కలిసే చోట్లు మన పట్నాల్లో లెక్కలేనన్ని. పటాన్‌చెరు వాగు వీటన్నిటిలో ఒకటి. కాకపోతే ఆ ఒక్కటే రోజుకు 90 వేల మాత్రల వాగు.

మనిషి నుంచి మనిషికి ఎంత సులువుగా పాకుతుందో చెప్పే అధ్యయనం ఇంకోటి ఉంది. స్వీడన్ నుంచి 35 మంది విద్యార్థులు చదువు కోసం కొందరు భారత ఉపఖండానికి, కొందరు మధ్య ఆఫ్రికాకు వచ్చారు. రాకముందు ఒకసారి, వెళ్లాక ఒకసారి వాళ్ల మలం పరీక్షించారు. ఆ మధ్యలో వాళ్లెవరూ యాంటీబయాటిక్ ముట్టలేదు. అయినా తిరిగి వెళ్లేటప్పటికి కడుపులో కొన్ని నిరోధక జన్యువులు రెండున్నర రెట్లు, ఒక రకం ఏడున్నర రెట్లకు పైగా పెరిగాయి. 2015లో ఇది వచ్చింది. కొన్నాళ్లు మన నీళ్లు తాగి, మన హోటల్లో తిని, మన బస్సు కడ్డీ పట్టుకుని పోయిన పిల్లల సంగతి అది. పాలమూరు నుంచి పటాన్‌చెరుకు పోయి, ఆరు నెలలు అక్కడే తిని తాగి, ఉగాదికి ఇంటికొచ్చి పిల్లలకు ముద్దలు కలిపి పెట్టే మనిషి సంగతి వేరే చెప్పాలా?

వాగు మాటేమైంది అంటే, ఆ శుద్ధి కేంద్రం నీళ్లను తర్వాత 18 కిలోమీటర్ల పైపు వేసి హైదరాబాద్ మురుగులో కలిపి అంబర్‌పేటకు పంపారు. అక్కడి నుంచి మూసీలోకి. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మన జూరాల, శ్రీశైలం దాటిపోయాక కలుస్తుంది కాబట్టి మన నీళ్లకు ఇబ్బంది లేదు అని మా వైపు వాళ్లు అనడం విన్నాను. కింద ఉన్నవాళ్లూ మనవాళ్లే. 2020 జనవరిలో కేంద్రం ఫ్యాక్టరీ నీళ్లలో యాంటీబయాటిక్ ఇంతకు మించకూడదు అని హద్దులు పెడుతూ ముసాయిదా నియమాలు తెచ్చింది. ప్రపంచంలో ఎవరూ చేయని పని, గర్వపడాల్సిన పని. 2021 ఆగస్టులో తుది నియమాలు వచ్చేసరికి ఆ హద్దులు అందులో లేవు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇదే విషయం మీద మొదటి మార్గదర్శకాలు ఇచ్చింది. మనం ముందే రాసుకుని కొట్టేసుకున్న మాటను బయటివాళ్లు మళ్లీ రాసి ఇచ్చారు. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపు రగులుతుంది.

ఇంతవరకు మందుల ఫ్యాక్టరీ కథ. మా మేనమామ ఊర్లో ఫ్యాక్టరీ లేదు.

ఆయనది గద్వాల దాటి అయిజ వైపు. కృష్ణ, తుంగభద్రల నడుమ నడిగడ్డ. సీడ్ పత్తికి పేరుపడ్డ నేల అది. దేశమంతా వేసుకునే హైబ్రిడ్ పత్తి విత్తనం ఇక్కడి చేలల్లో చేత్తో పుడుతుంది. పొద్దుగూకే ముందు ఆడ వరసల్లో రేపు విచ్చబోయే మొగ్గను గోటితో గిల్లి, లోపలి పుప్పొడి కాడలు తీసేసి, గుర్తుకు రంగు కాగితం తగిలిస్తారు. తెల్లారి మగ పువ్వు తెంపి దాని మీద రుద్దుతారు. ఒక్కో పువ్వుకు ఒక్కో వేలు. రోజుకు వందల పువ్వులు, నెలల తరబడి. చిన్న వేళ్లయితే పని నాజూగ్గా ఉంటుందని ఒకప్పుడు పిల్లలనే పెట్టుకునేవారు. దావులూరి వెంకటేశ్వర్లు 2000 ప్రాంతంలో ఆ పిల్లల గురించి రాసిన నివేదికలు దేశం దాటి వినపడ్డాయి. ఆ మొగ్గలన్నీ మందు కొట్టిన మొగ్గలే. ఆ వేళ్లతోనే సద్ది మూట విప్పేది.

పోయిన పత్తి కాలంలో మామ దగ్గరికి పోయాను. ఒకప్పుడు మోనోతో కాండానికి బొట్టు పెట్టేవాళ్లం అని చేసి చూపించాడు. మోనో అంటే మోనోక్రోటోఫాస్. ఒక వంతు మందుకు నాలుగు వంతుల నీళ్లు కలిపి, పుల్లకు గుడ్డ చుట్టి, ముంచి, లేత కాండం మీద ఇంత మేర పూయాలి. పచ్చదోమ, పేనుబంక పడకుండా. చేనంతా కొట్టే కన్నా ఇది నయమని, మందు తక్కువ పడుతుందని, గాలికి పోదని సలహాగా చెప్పిన పద్ధతే అది. కానీ వంగి ఒక్కో మొక్కకూ పూస్తుంటే మందు పుల్ల వెంట కారి వేళ్ల సందుల్లోకి వస్తుంది. మామ కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ నడుమ తోలు ఇప్పటికీ నున్నగా, గీతల్లేకుండా ఉంది. ఆ చేతిని నా చేతిలోకి తీసుకుని చూశాను.

“చేతులు కడుక్కునేటోళ్లు కదా మామా?” అని అడిగాను.

“కడుక్కుంటుంటిమి అల్లుడా. కాల్వల నీళ్లు, ఒడ్డు మీది మన్ను. సబ్బు యాడిది చేన్ల?”

మామకు యాభై దాటకముందే షుగర్ బయటపడింది. ఒంటి మీద కండ తప్ప కొవ్వు లేని మనిషి. పొద్దున్న లేస్తే చీకటి పడేదాకా నిలబడి పనిచేసే మనిషి.

“నేను చాయల చక్కెర గూడ సగమే ఏసుకుంట. మా నాయినకు లేదు, మాయమ్మకు లేదు. నాకు యాడికెల్లి వచ్చె షుగరు? దావఖానల అడిగితే స్వీట్లు బంద్ జెయ్ అనె. పండగ్గూడ సరిగ తినకపోతిని, ఏం బంద్ జేద్దు?”

ఆ ప్రశ్న మామ ఒక్కడిదే కాదు. తమిళనాడులో మదురై కామరాజ్ విశ్వవిద్యాలయం వాళ్లను కూడా అదే కదిలించింది. కష్టం చేసే పల్లె జనంలో షుగర్ ఎందుకు పెరుగుతోంది? గణేశన్ వేల్‌మురుగన్, సుబ్బయ్య రామసామి బృందం మదురై చుట్టుపక్కల పల్లెల్లో 3,080 మందిని పరీక్షించింది. పురుగుమందులు నేరుగా తగిలేవాళ్లలో 18.3 శాతం మందికి షుగర్ ఉంది. తగలని వాళ్లలో 6.2 శాతం. మూడింతలు. తర్వాత ఎలుకలకు 180 రోజులు నీళ్లలో కొద్ది కొద్దిగా మోనోక్రోటోఫాస్ ఇచ్చారు. నరాలకు దెబ్బ తగిలేంత మోతాదు కాదు, చాలా తక్కువ. ఎలుకలకు చక్కెర అదుపు తప్పింది.

ఎట్లా? ఇక్కడే కడుపులోని కాపురాలు మళ్లీ వస్తాయి. ఆ మందును ఎలుక ఒళ్లు విరగ్గొట్టలేదు. పేగుల్లోని బ్యాక్టీరియా విరగ్గొట్టాయి. వాటికి అది తిండి. తిని, వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లంగా మార్చి వదిలాయి. ఆ ఆమ్లం పేగు గోడలకూ కాలేయానికీ చేరి చక్కెరగా మారింది. మందు తిన్న ఎలుకల పేగు బ్యాక్టీరియాను మందు ముట్టని ఎలుకలకు ఎక్కిస్తే వాటికీ చక్కెర అదుపు తప్పింది. అంటే నేరం మందుది మాత్రమే కాదు. మందుకు అలవాటు పడ్డ కడుపుది. 2017లో ఇది అచ్చయింది.

మామకు షుగర్ ఈ మందు వల్లే వచ్చిందని నేను అనను. ఎలుకల్లో తేలింది మనిషిలో అచ్చం అట్లాగే జరుగుతుందని రుజువు కావాలంటే ఇంకా చాలా పని జరగాలి. మదురై పల్లెల లెక్క రెండూ కలిసి కనపడుతున్నాయని చెబుతుంది, ఒకటి ఇంకోదాన్ని తెచ్చిందని చెప్పదు. కానీ స్వీట్లు మానెయ్ అనే ముందు, ఏం మందు కొట్టావు, ఎన్నేళ్లు కొట్టావు, ఏ చేత్తో తిన్నావు అని అడగడం డాక్టర్ల పని అని మాత్రం గట్టిగా అంటాను. నడిగడ్డలో ఆ ప్రశ్న అడిగితే జవాబు చెప్పలేని ఇల్లు ఉండదు.

మోనోను కూరగాయల మీద వాడొద్దని 2005లోనే అన్నారు. 2013 జూలైలో బీహార్‌లోని గండామన్ ఊరి బడిలో మధ్యాహ్న భోజనంలో ఆ మందు కలిసి 23 మంది పిల్లలు చనిపోయారు. 2023లో గానీ దాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు రాలేదు. అదీ ఉన్న నిల్వలు అమ్ముకోవడానికి గడువు ఇచ్చి. బడిపిల్లలు పోయాక కూడా పదేళ్లు. ఆ పదేళ్లూ మామ చేతిలో ఆ పుల్ల ఉంది.

2025 నవంబరులో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం నుంచి కిరణ్ పాటిల్ బృందం ఒక పెద్ద లెక్క బయటపెట్టింది. తిండి ద్వారా, నీళ్ల ద్వారా, గాలి ద్వారా మన ఒంట్లోకి చేరగల 1,076 రసాయనాలను ఒక్కొక్కటిగా తీసుకుని, 22 జాతుల పేగు బ్యాక్టీరియా మీద పరీక్షనాళికల్లో ప్రయోగించారు. 168 రసాయనాలు మేలు చేసే బ్యాక్టీరియాను ఎదగనీయలేదు. పురుగుమందులు, తెగులు మందులు, మంటలు అంటుకోకుండా సోఫాలకూ కరెంటు సామాన్లకూ పూసే రసాయనాలు, ప్లాస్టిక్‌ను మెత్తబరిచేవి అందులో ఉన్నాయి. వీటిలో చాలావాటికి బ్యాక్టీరియాతో పని ఉందని అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు. పురుగును చంపడానికి చేసిన మందు పురుగునే చంపుతుందని అనుమతులిచ్చారు గానీ, కడుపులోని ప్రాణిని అడిగి చూడలేదు.

నన్ను నిలబెట్టేసింది మాత్రం అందులోని ఇంకో మాట. ఆ రసాయనాల దెబ్బ తట్టుకోవడానికి కొన్ని బ్యాక్టీరియా తమ పనితీరు మార్చుకున్నాయి. అట్లా మారినవాటిలో కొన్నిటికి ఒక యాంటీబయాటిక్ కూడా పనిచేయకుండా పోయింది. ఆ యాంటీబయాటిక్ సిప్రోఫ్లోక్సాసిన్.

పటాన్‌చెరు వాగులో రోజుకు 45 కిలోలు పారిందే. అన్ని డబ్బాల్లోనూ దొరికిన గొడుగు అడ్డుపడేదీ ఆ మందుకే. రేపు మామకు టైఫాయిడ్ వస్తే, అయిజలో ఎవరైనా మొదట రాసిచ్చేది బహుశా ఆ కోవదే. వాగు దారిన గానీ, చేని దారిన గానీ, రెండు దారులూ ఒకే కడుపు దగ్గర కలుస్తున్నాయి.

ఇదంతా మామకు ఒకేసారి చెప్పలేదు. చేను గట్టు మీద కూర్చుని, మధ్యమధ్య ఆయన అడిగినప్పుడల్లా కొంచెం కొంచెంగా చెప్పాను. దూరంగా వరసల్లో ఆడవాళ్లు మొగ్గలు గిల్లుతున్నారు. ఇద్దరు బడి ఈడు పిల్లలు తల్లుల వెనకే తిరుగుతూ రంగు కాగితాలు అందిస్తున్నారు. అత్త సద్ది తెచ్చింది. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, చిన్న చెంబులో మజ్జిగ. ఆమె మామ ముందు నీళ్ల బిందె పెట్టి, నడుముకు చెక్కుకున్న సంచిలోంచి సబ్బుముక్క తీసి ఆయన చేతిలో పెట్టింది. మామ దాన్ని ఒకసారి చూసి, మోచేతుల దాకా రుద్దుకున్నాడు. వేళ్ల సందుల్లో రెండోసారి రుద్దాడు.

రొట్టె తుంచి ఆగాడు.

“గా పటాన్‌చెరు ఊరోళ్లవి డబ్బలల్ల ఏస్కపోయిండ్రంటివి గద అల్లుడా.”

“అవును మామా.”

“మనూరికి గూడ వస్తరేమో అడుగు. నాది ఇస్త. సిగ్గేంది దాన్ల? నాది, మీ అత్తది...” వరసల వైపు చూశాడు. “గా పిల్లలది గూడ ఏస్కపొమ్మను.”